షుగర్ లెక్క ఫోన్‌లో రాస్తూ మూడేళ్లు

నాకు షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు. మొదటి ఆరేళ్లూ రీడింగులు గోడ క్యాలెండర్ మీద రాసేదాన్ని. నెల మారి కాగితం చించేస్తే లెక్క కూడా దాంతోనే పోయేది. మూడేళ్ల కిందట మా అబ్బాయి బ్లూటూత్ గ్లూకోమీటర్ కొనిచ్చి, దాని యాప్ ఫోన్‌లో వేసిపెట్టాడు. స్ట్రిప్‌కు రక్తం చుక్క అంటిస్తే చాలు, టైముతో సహా అంకె ఫోన్‌లోకి వచ్చేస్తుంది.

అయితే నాకు నిజంగా మేలు చేసింది ఆ అంకె పక్కన ఏం తిన్నామో రాసుకునే గడి. రాగి జావ షుగర్‌కు మంచిదని అందరూ అంటుంటే రోజూ పొద్దున్నే పెద్ద గ్లాసుడు తాగేదాన్ని. రెండు గంటలాగి చూస్తే 210, 218, 204. రెండు పెసరట్లు తిన్న రోజు 150 దాటేది కాదు. ఫోన్ చూపిస్తే డాక్టరు గారు మందు పెంచలేదు. రాగులు మంచివే, మెత్తటి పిండిని జావ కాస్తే త్వరగా అరిగి రక్తంలోకి చేరిపోతుందమ్మా అన్నారు. జావ మానేశాను, రాత్రి అన్నం తగ్గించాను. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.6 నుంచి 7.1కి దిగింది. అందరి ఒళ్లూ ఒకటి కాదు, మీకు ఏది పడుతుందో మీ మీటరే చెప్పాలి.

షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని భోజనం ఆలస్యమైన ఒక మధ్యాహ్నం బస్టాండులో చెమటలు పట్టి చేతులు వణికాయి. చూసుకుంటే 62, షుగర్ బాగా పడిపోయింది. మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలుపుకుని తాగి, ఫోన్‌లో 15 నిమిషాలకు అలారం పెట్టుకున్నాను. మోగాక 94. పాత రోజుల్లోనైతే కంగారులో చేతికందిందల్లా తినేసేదాన్ని.

ఇబ్బందులూ ఉన్నాయి. యాప్‌లో తెలుగు లేదు. ఆహారాల పట్టికలో పెసరట్టు లేదు, పులిహోర లేదు, అన్నీ మనమే రాసుకోవాలి. ఒకసారి మామిడిపండు కోసిన చేత్తోనే వేలు పొడిస్తే 260 వచ్చింది, సబ్బుతో కడుక్కుని మళ్లీ చూస్తే 141. ఆ తప్పుడు అంకెను కొట్టేద్దామంటే యాప్ ఒప్పుకోదు, సగటులో కలిపేస్తుంది. అన్నిటికంటే బాధ, ఫోన్ మార్చినప్పుడు రెండేళ్ల రీడింగులు పోవడం. బ్యాకప్ విడిగా ఆన్ చేయాలని ఎక్కడా చెప్పలేదు. ఇప్పుడు ప్రతి నెలాఖరుకీ పీడీఎఫ్ తీసి అబ్బాయికి వాట్సాప్‌లో పంపేస్తున్నాను.

కొనే ముందు మీటర్ ధర కన్నా స్ట్రిప్‌ల ధర అడగండి. నాకు ఒక్కోటి ఇరవై రూపాయల దాకా పడుతోంది. అందుకే రోజూ నాలుగు పూటలా చూసుకోను. కొత్త పదార్థం తిన్న రోజు, మందు మారిన వారం, ఒంట్లో తేడాగా అనిపించినప్పుడు మాత్రం తప్పకుండా చూసుకుంటాను.