పద్యనాటకం విన్న చెవితో ‘తోస్కా’: మూడు రికార్డింగుల తులన

నెల్లూరు పురమందిరంలో పద్యనాటకాలు చూసే రోజుల్లో మా మేనమామ అసలు చెవి ఒగ్గింది పద్యానికి కాదు. పద్యం ముగిసి, హార్మోనియం ఆగి, చప్పట్లు సద్దుమణిగాక నటుడు పలికే మొదటి వచనం కోసం ఆయన కాచుకుని కూర్చునేవారు. గొంతున్న ప్రతివాడూ రాగం తీయగలడనీ, వన్స్ మోర్ కొట్టించుకున్నవాడు ఆ వేడి దిగి ఎదుటి పాత్ర వైపు తిరిగి ఒక మామూలు మాట ఎలా అంటాడన్నదే అతని సరుకు చెబుతుందనీ ఆయన అభిప్రాయం. ఇటాలియన్ ఒపెరా (మాటలు కూడా పాడుతూ నడిపే సంగీతనాటకం) ‘తోస్కా’ రికార్డింగులను ఏడాదికి పైగా పక్కపక్కన పెట్టుకుని విన్నప్పుడు నాకు ఆ అభిప్రాయమే కొలబద్ద అయింది. పేరున్న పాటలను బట్టి ఎంచితే ఒక తీర్పు వస్తుంది. పాటకూ పాటకూ నడుమ సాగే సంభాషణను బట్టి ఎంచితే మరో తీర్పు వస్తుంది. నేను రెండో దారి పట్టాను. పాత్రల మాటలతోనే కథ నడిపించిన తిక్కన ఊరివాణ్ణి కనుక ఆ మాత్రం పక్షపాతం తప్పదు.

కథ తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. జాకొమో పుచ్చీని స్వరపరచిన ఈ ఒపెరా 1900 జనవరి 14న రోమ్‌లోని తియాత్రో కొస్తాంజీలో తొలిసారి ప్రదర్శితమైంది. విక్తోరియన్ సార్దూ 1887లో ఫ్రెంచిలో రాసిన నాటకం దీనికి మూలం. కథాకాలం 1800 జూన్. మరెంగో యుద్ధంలో నెపోలియన్ ఓడిపోయాడని మొదట వార్త వచ్చి, తరువాత గెలిచింది అతడేనని తేలిన ఒక పగలూ రాత్రీ, మర్నాటి తెల్లవారుజామూ కథకు సరిపోయాయి. పేరుమోసిన గాయని తోస్కా, ఆమె ప్రియుడైన చిత్రకారుడు కావరదోస్సి, వారిద్దరికీ ఉచ్చు పన్నే పోలీసు అధిపతి స్కార్పియా ముఖ్య పాత్రలు. తప్పించుకొచ్చిన రాజకీయ ఖైదీని కావరదోస్సి దాచిపెడతాడు. ఆ చోటు రాబట్టడానికి స్కార్పియా అతణ్ణి పక్క గదిలో హింసపెట్టిస్తూ, ఆ మూలుగులు తోస్కా చెవిన పడేటట్లు తలుపులు తెరిపిస్తాడు. ఆమె చెప్పేశాక, ప్రియుడి ప్రాణానికి వెలగా ఆమెనే అడుగుతాడు. ఆమె ఒప్పుకున్నట్లు కనిపించి, భోజనాల బల్ల మీది కత్తితో అతణ్ణి పొడిచేస్తుంది. మూడో అంకంలో ఉత్తుత్తివి అనుకున్న కాల్పులు నిజమైనవని తేలడంతో కోట మీద నుంచి దూకి చనిపోతుంది.

నేను ముఖ్యంగా పోల్చినవి మూడు. మొదటిది 1953 ఆగస్టులో మిలాన్‌లోని లా స్కాలాలో విక్తోర్ ద సబాతా వాద్యబృంద నిర్వహణలో చేసిన మోనో (శబ్దమంతా ఒకే దారిలో వచ్చే) రికార్డింగు: తోస్కాగా మరియా కాలస్, కావరదోస్సిగా జుసెప్పె ది స్తెఫానో, స్కార్పియాగా తీతో గొబ్బి. రెండోది 1962లో వియన్నాలో హెర్బర్ట్ ఫాన్ కారయాన్ నిర్వహణలో చేసిన స్టీరియో (ఎడమ, కుడి వైపుల శబ్దాలు విడిగా వినిపించే) రికార్డింగు: లియొంటీన్ ప్రైస్, మళ్లీ ది స్తెఫానో, జుసెప్పె తద్దెయి. మూడోది 1964 డిసెంబరులో పారిస్‌లో జార్జ్ ప్రెత్ర్ నిర్వహణలో రికార్డు చేసి మర్నాటి ఏడు విడుదల చేసినది: మళ్లీ కాలస్, మళ్లీ గొబ్బి, వారితో కార్లో బెర్గోంజి. ఈ మూడింటినే ఎంచుకోవడానికి కారణం ముగ్గురు గాయకులు రెండేసి సార్లు దొరకడం. ఒకే నటుణ్ణి ముప్ఫై ఏళ్ల వయసులో ఒకసారి, యాభై దాటాక ఒకసారి కృష్ణుడి వేషంలో చూసినవారికి ఆ పోలికలోని రుచి నేను చెప్పనక్కర లేదు.

1953 రికార్డింగు గురించి ఎక్కువ చెప్పవలసి ఉంది. రెండో అంకంలో బేరం మొదలయ్యే చోట తోస్కా “ఎంత?” అంటుంది. స్కార్పియా వినపడనట్లు “ఎంతా?” అంటాడు. “వెల!” అని ఆమె తెగేసి చెబుతుంది. ఇటాలియన్‌లో క్వాంతో, క్వాంతో, ఇల్ ప్రెత్సో. నాలుగు మాటలు, ఇందులో పాట అనదగ్గది ఏదీ లేదు. కాలస్ ఆ మొదటి మాటను సంతలో నచ్చని సరుకును వేలికొసతో తోసినట్లు అంటుంది. ‘వెల’ అన్న మాటకు వచ్చేసరికి గొంతు ఒక్కసారిగా గుండెలోకి దిగిపోతుంది. దానికి గొబ్బి నవ్వే నవ్వులో తొందర లేదు, ఎందుకంటే బేరం ముగిసిపోయిందని అతనికి తెలుసు. ఇటాలియన్ ఒక్క ముక్క రాని మా మేనమామకు ఒకసారి ఈ అంకం మొత్తం వినిపించాను. లోకమంతా మెచ్చుకునే, తోస్కా పాడే ‘విస్సి దార్తే’ పాట దగ్గర ఆయన కదలలేదు. ఈ నాలుగు మాటల దగ్గరే మళ్లీ వెయ్యమన్నారు.

హత్య జరిగిన తరువాతి ఘట్టం ఇంకా గొప్పది. “ఇతని ముందా రోమ్ నగరమంతా వణికింది!” అనే వాక్యం దాదాపు ఒకే స్వరం మీద నడుస్తుంది. గాయని చూపించుకోవడానికి అందులో ఏమీ లేదు. ఈ ఒక్క వాక్యం మీద కాలస్‌తో అరగంట సాధన చేయించారనీ, మొదటి అంకంలో గొబ్బి చేత అతని భాగాన్ని ముప్ఫై సార్లు పాడించారనీ నిర్మాత వాల్టర్ లెగ్ చెప్పుకున్నాడు. ఆ చాకిరీ ఫలితం వినబడుతుంది. వాక్యానికి ముందు వచ్చే తీగవాద్యాల సంగీతాన్ని ద సబాతా ఎంత నెమ్మదిగా, ఎంత నిండుగా నడిపిస్తాడంటే, ఆమె శవం పిడికిట్లోంచి అనుమతి పత్రం లాగడం, తరువాత రెండు వైపులా కొవ్వొత్తులు పెట్టడం, గుండె మీద శిలువ ఉంచడం, ఇవన్నీ రంగస్థలం మీది సూచనలు చదవకుండానే కంటికి కడతాయి. ద సబాతా స్టూడియోలో చేసిన పూర్తి ఒపెరా రికార్డింగు ఇదొక్కటే. అదే ఏడు గుండెపోటు వచ్చి ఆయన నిర్వహణ దాదాపుగా ఆగిపోయింది.

దీనిలో లోపం లేదా అంటే ఉంది. మొదటి అంకం చివర చర్చిలో భక్తబృందం, ఆర్గన్, గంటలు, కోట మీది ఫిరంగులు, వీటన్నిటి మీదుగా స్కార్పియా మనసులోని కుళ్లు, ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పోయే ఘట్టం ఒకటి ఉంది. మోనోలో అదంతా ఒకే ముద్దగా వినిపిస్తుంది. గొబ్బి గొంతు అందులోంచి ఎలాగో పైకి తేలుతుంది గాని, వెనుక ఎవరు ఎక్కడ నిలబడ్డారో తెలియదు. మాట ముఖ్యమైన చోట మోనో అడ్డు రాలేదు. ఊరేగింపు ముఖ్యమైన చోట అడ్డు వచ్చింది.

ఆ లోటు తీర్చేది కారయాన్ రికార్డింగు. జాన్ కల్షా నిర్మాణంలో డెక్కా రికార్డు కంపెనీ ఇంజనీర్లు పనిచేసిన ఈ రికార్డింగులో ఫిరంగి దూరంగా పేలుతుంది, గంటలు తలోదిక్కు నుంచీ వస్తాయి, వియన్నా ఫిల్హార్మోనిక్ వాద్యబృందం పట్టుచీర మడతలు విప్పినట్లు విప్పుకుంటుంది. ప్రైస్ గొంతుకు కింది స్థాయిలో కొద్దిగా పొగ పట్టినట్లుండే అందం ఉంది. ‘విస్సి దార్తే’ ఒక్కటే కావాలంటే ఈ మూడింటిలో ఆమెదే నా చేతికి వస్తుంది. తద్దెయి స్కార్పియా గొబ్బి వంటివాడు కాడు: కూతురి పెళ్లి మాటలకు వచ్చిన పెద్దమనిషిలా నవ్వుతూ మాట్లాడతాడు, ఆ నవ్వులోనే మనకు చలి పుడుతుంది. ఇంత ఉన్నా సంభాషణ నడిచే చోట నాకు తృప్తి కలగలేదు. కారయాన్ ప్రతి మలుపులోనూ వాద్యబృందపు నిగారింపు చూపించాలనుకుంటాడు. పాత్రలు ఒకరి మాట ఒకరు తుంచుకోవలసిన చోట కూడా సంగీతం తాపీగా ఒళ్లు విరుచుకుంటుంది. రికార్డింగు జరుగుతున్నప్పుడు కారయాన్ ద సబాతా రికార్డును తెప్పించుకుని వినేవాడని కల్షా తన జ్ఞాపకాల్లో రాశాడు. ఎదుటివాడి బలం ఎక్కడుందో ఆయనకూ తెలుసునన్నమాట.

ఇందులో ది స్తెఫానో సంగతి కొంచెం బాధ పెడుతుంది. 1953లో ముప్ఫై రెండేళ్ల ఆ గొంతులో కల్లాకపటం లేని ఎండ ఉండేది. తొమ్మిదేళ్ల తరువాత పై స్థాయికి వెళ్లేటప్పుడు బలవంతం వినిపిస్తుంది, అంచులు గరుకెక్కాయి. అయితే మూడో అంకంలో చావు ముందు కావరదోస్సి నక్షత్రాలను తలచుకునే పాటకు ఆ అలసట ఒక విధంగా నప్పింది. మొదటిసారి పాడినప్పుడు ఆ మనిషి చనిపోతాడని నేను నమ్మలేదు, ఈసారి నమ్మాను.

పారిస్ రికార్డింగును చాలామంది కాలస్ పతనానికి సాక్ష్యంగా చూపిస్తారు. ఆమె స్టూడియోలో పూర్తి చేసిన చివరి ఒపెరా ఇదే. మర్నాటి ఏడు జూలై 5న లండన్‌లో ఇదే పాత్రతో ఆమె రంగస్థల జీవితమూ ముగిసింది. మూడో అంకంలో, కత్తి దింపిన వైనం ప్రియుడికి చెబుతూ తారస్థాయికి ఎగబాకే చోట ఆ స్వరం ఊగిపోతుంది, వినడానికి కష్టంగానే ఉంటుంది. నేను దాన్ని వెనకేసుకు రాను. కాని నా కొలబద్ద మీద ఈ రికార్డింగు కారయాన్‌దాని కంటే ఒక మెట్టు పైనే నిలుస్తుంది. నలభై ఒకటి నిండిన కాలస్, యాభై ఒకటి నిండిన గొబ్బి రెండో అంకంలో ఒకరి బలహీనత ఒకరికి ఎంతో కాలంగా తెలిసినవారిలా మాట్లాడుకుంటారు. గొబ్బి గొంతు ఎండిపోయింది నిజమే. ఆ ఎండిపోవడం వల్ల వెనుకటి రోజుల్లో దర్పంగా ఉన్న స్కార్పియా ఇప్పుడు ఆఫీసు ఫైళ్ల మధ్య ముదిరిపోయిన అధికారిలా మరింత జుగుప్స కలిగిస్తాడు. ముగ్గురిలోకీ హాయిగా పాడినవాడు బెర్గోంజి. స్వరశుద్ధిలో అతనికి వంక పెట్టడానికి లేదు. అయితే ప్రెత్ర్ వాద్యబృందాన్ని నడిపిన తీరు చప్పగా ఉంది. ద సబాతా దగ్గర ప్రతి నిశ్శబ్దమూ ఒక పాత్ర అయితే ఇక్కడ అది ఖాళీ మాత్రమే.

మిగిలినవాటిలో 1972 నాటి జుబిన్ మెహతా రికార్డింగు ప్రైస్, ప్లాసిదో దొమింగోల కోసం వినదగ్గది. 1976లో కాలిన్ డేవిస్ చేసినదానిలో మొంత్సెరాత్ కబయె సన్నని స్వరాలు వెన్నలా కరుగుతాయి గాని కత్తి పట్టుకున్న చెయ్యి మాత్రం కనబడదు; ముప్ఫై కూడా నిండని హోసె కారెరాస్ కోసం మళ్లీ మళ్లీ తెరుస్తుంటాను.

కొనుక్కునేవారికి కొన్ని ఇంటి సంగతులు. 1953 రికార్డింగుకు 2014లో వార్నర్ వారు కొత్తగా శుద్ధి చేసిన ప్రతి ఉంది, అదే తీసుకోవాలి. పాత ప్రతులతో పోలిస్తే గొంతుల చుట్టూ గాలి ఆడుతుంది. కొన్నది ఏదైనా, రెండో అంకపు మాటలను అనువాదంతో కలిపి ముందు ఒకసారి చదువుకుని అప్పుడు వినాలి, లేకపోతే నేను చెప్పిన నాలుగు మాటలు చెవి పక్క నుంచి జారిపోతాయి. మా వైపు ఎండాకాలంలో మరో చిక్కు ఉంది. ద సబాతా మోనో రికార్డింగును రోహిణీ కార్తెలో ఫ్యాను పూర్తిగా తిరుగుతుండగా కూడా వినవచ్చు, మాట పోదు. కారయాన్‌ది అలా కాదు. ఫ్యాను ఉంటే మెత్తని భాగాలన్నీ గాలిలో కలిసిపోతాయి, వాటి కోసం శబ్దం పెంచితే చర్చి ఘట్టంలో ఫిరంగి పేలి పక్కింటివారు తలుపు తడతారు. అందుకని దాన్ని తెల్లవారుజామున నాలుగున్నరకు, ఊరు చల్లబడ్డాక, ఫ్యాను ఆపి వింటున్నాను. మూడో అంకం మొదట్లో గొర్రెల కాపరి కుర్రాడి పాట సాగుతూ, రోమ్ చర్చిల గంటలు దగ్గరా దూరమూ ఒకదాని తరువాత ఒకటి మోగే నాలుగైదు నిమిషాల పాటు అందులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. ఆ కాసేపటికి మాత్రం నేను కారయాన్ వైపు.