గ్నూ మేక్ రివ్యూ: చెప్పినంతే చేస్తుంది, గొడవంతా అక్కడే

ముందే చెప్పేస్తున్నా, ప్రోగ్రాములు కట్టిపెట్టే ఈ గ్నూ మేక్ అనే టూల్‌కి 5కి 4 ఇచ్చాను. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో చెప్పడానికే ఇదంతా.

ఉండేది విజయవాడలో, కానీ సీజన్ వస్తే పనంతా గుంటూరు మిర్చి యార్డు చుట్టూనే. కాటా మీద టిక్కీ (మిర్చి బస్తా) పెట్టగానే బరువు కేబుల్లోంచి కంప్యూటర్‌లోకి వచ్చి, గోతం బరువు పోను మిగిలింది చీటీ మీద ప్రింటయ్యే చిన్న ప్రోగ్రాం ఒకటి సీ భాషలో రాసి నాలుగైదు కొట్లలో పెట్టాను. దాన్ని కంపైల్ చేసే, అంటే నేను రాసిన కోడ్‌ని కంప్యూటర్ నడపగలిగే ప్రోగ్రాంగా మార్పించే బాధ్యత మేక్‌ది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మొదట రాసిన సరుకు, నేను వాడేది గ్నూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వాళ్ల రూపం. పైసా ఖర్చు లేదు, లైనక్స్‌లో ఒక్క కమాండ్‌తో దిగిపోతుంది.

మార్చిలో ఒక కొట్టు నుంచి ఫోన్. "ఏం బాబూ, గోతం బరువు రెండుసార్లు పోతోంది, రైతు చీటీ తీసుకోనంటున్నాడు, అర్జెంటుగా రా." బస్సెక్కి వెళ్లాను. యార్డులో ఆ ఘాటుకి ముక్కూ కళ్లూ కారుతుండగా కోడ్ తెరిస్తే తప్పు ఐదు నిమిషాల్లో దొరికింది, ఒక్క లైను. తీసేసి, ఎప్పుడో నేనే రాసిపెట్టిన బిల్డ్ స్క్రిప్టు (మేక్‌ని పిలిచే చిన్న కమాండ్ల ఫైలు) నడిపి, చీటీ తీస్తే పాత బరువే. మళ్లీ చూశా, మళ్లీ నడిపా, పాత బరువే. చివరికి మతిపోయి చీటీ అడుగున "హలో" అని వచ్చేలా ఒక లైను పెట్టా. హలో కూడా రాలేదు. వెనకాల రైతు, పక్కన గుమస్తా, ఇద్దరూ నా చేతుల వంకే చూస్తున్నారు.

అప్పుడు స్క్రిప్టు పక్కన పెట్టి మేక్‌ని నేరుగా నడిపితే మూడు లైన్లు పడ్డాయి: ఫైలు మార్పు సమయం భవిష్యత్తులో ఉందని ఒకటి, అంతా తాజాగానే ఉంది చేసేదేమీ లేదని ఒకటి, గడియారాల్లో తేడా కనిపిస్తోంది బిల్డ్ పూర్తయి ఉండకపోవచ్చని ఇంకోటి. పాపం అది మొదటి నుంచీ చెబుతూనే ఉంది, నేనే స్క్రిప్టులో హెచ్చరికలన్నీ డెవ్ నల్ అనే లైనక్స్ చెత్తబుట్టలోకి తోసేశా, కస్టమర్ స్క్రీన్ నీట్‌గా ఉండాలని.

విషయం ఏంటంటే, ఫైల్లో ఏం రాసుందో మేక్‌కి అక్కర్లేదు. తయారైన ఫైలు టైమూ, దాని మూలం టైమూ పక్కపక్కన పెట్టి చూస్తుంది, మూలం కొత్తదైతేనే చెయ్యి కదుపుతుంది. ఆ పొద్దున కరెంటు పోయి వచ్చింది. మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంది, ఆ మిషన్‌కి నెట్ లేదు కాబట్టి టైమ్ సరిచేసుకునే దారి కూడా లేదు. డేట్ కమాండ్ కొట్టి చూస్తే 2012 జనవరి 1. అంటే నేను ఇప్పుడే సేవ్ చేసిన ఫైలుకి 2012 నాటి తేదీ, పోయిన నెల కంపైలైన దానికి ఈ ఏడాది తేదీ. దాని లెక్కలో తప్పేముంది చెప్పండి?

తేదీ సరిచేసి మళ్లీ మేక్ అన్నా. మళ్లీ అదే మాట! గడియారం మారింది గానీ, నేను సేవ్ చేసిన ఫైలు మీద 2012 ముద్ర అలాగే ఉంది మరి. టచ్ కమాండ్ కొట్టి ఆ ఫైలు మీద ఇప్పటి టైము వేశాక అప్పుడు కదిలింది. టచ్ బదులు మేక్‌కి పెద్ద బి (-B) ఆప్షన్ ఇచ్చినా మొత్తం మళ్లీ కడుతుంది. అరండల్‌పేట వెళ్లి సీఆర్ 2032 బ్యాటరీ ఒకటి తెచ్చి వేశా, 50 రూపాయలు కూడా కాలేదు.

ఇలాంటి తిక్కలు దీనికి ఇంకా ఉన్నాయి. ఫోల్డర్‌లో పొరపాటున "క్లీన్" అనే పేరుతో ఫైలు ఉంటే పాత ఫైళ్లు తుడవమని మేక్ క్లీన్ అన్నప్పుడు అది తాజాగానే ఉందంటుంది, ఆ పేరు ఫోనీ (ఫైలు కాదు, పని పేరు మాత్రమే) అని మేక్‌కి రూల్స్ రాసే ఫైల్లో ముందే రాసిపెట్టాలి. ఒక ఫైలు తయారీకి ఫోల్డర్‌ని మామూలు ఆధారంగా రాస్తే, అందులో కొత్త ఫైలు పడినప్పుడల్లా ఫోల్డర్ టైము మారి అక్కర్లేని పని మళ్లీ మొదలవుతుంది, దాని ముందు నిలువు గీత (|) పెడితే సరిపోతుంది. నా దగ్గర పనిచేసే కుర్రాడైతే, బిల్డ్ చివర్లో మధ్య ఫైళ్లు వాటంతటవే డిలీట్ అవుతుంటే వైరస్ అనుకుని రెండు రోజులు స్కాన్లు నడిపాడు. ఒక రూల్ నుంచి ఇంకో రూల్‌కి గొలుసుగా వెళ్లినప్పుడు మధ్యలో పుట్టినవి తనకి అక్కర్లేదని మేకే తుడిచేస్తుంది, ఉంచమంటే సెకండరీ అని చెప్పాలి. ఇక ట్యాబ్ గోల ఒకటి, రూల్ కింద కమాండ్ లైను మామూలుగా ట్యాబ్‌తోనే మొదలవ్వాలి, వాట్సాప్‌లో పంపిన రూల్ కాపీ చేస్తే ట్యాబులు కాస్తా స్పేసులైపోయి మిస్సింగ్ సెపరేటర్ అని ఆగిపోతుంది. మార్కు కోసింది దీనికే, ఇన్నేళ్లయినా కంటికి కనపడని అక్షరం మీద ఆధారపడటం నాకు నచ్చదు.

అయినా నేను వదలను, ఎందుకంటే అడిగితే ఏదీ దాచదు. ఏ లైను ఎందుకు నడిచిందో ట్రేస్ ఆప్షన్ చెబుతుంది, 2013లో వచ్చిన 4.0 నుంచి ఉంది. అసలు ఎందుకు నడవలేదో కావాలంటే చిన్న డి (-d) ఆప్షన్. అదైతే పేజీలు పేజీలు కక్కుతుంది, ఒక ఫైల్లోకి పంపి మీ ఫైలు పేరు వెతుక్కోండి. నేను ఆ రోజు మొదటే ఇది చేసుంటే మధ్యాహ్నం భోజనం దక్కేది.

అన్నట్టు, ఆ పొద్దున కరెంటు వచ్చాక ఇచ్చిన చీటీలన్నిటి మీదా తేదీ 2012 జనవరి 1 అనే పడింది. రైతూ చూడలేదు, గుమస్తా చూడలేదు, మూడు టెస్టు చీటీలు చేతిలో పట్టుకుని బరువు వంకే చూసిన నేనూ చూడలేదు. సాయంత్రం దాకా కూర్చుని అన్నీ మళ్లీ ప్రింటు తీసిచ్చాను.