1.4 టెలికన్వర్టర్: మీటర్‌లో ఒక స్టాప్ పోతుంది, పిట్ట మీద కాదు

"కన్వర్టర్ పెడితే వెలుతురు తినేస్తుంది" అంటూ వరంగల్ చెరువుల దగ్గర పిట్టల ఫోటోలు తీసేవాళ్ళు చాలామంది దాన్ని ముట్టుకోరు. కన్వర్టర్ అంటే లెన్స్‌కీ కెమెరాకీ మధ్య తగిలించి, బొమ్మని 1.4 లేదా 2 రెట్లు పెద్దది చేసే చిన్న లెన్స్ ముక్క. 300 మిల్లీమీటర్ల ఎఫ్4 లెన్స్‌కి (ఎఫ్ అంకె పెరిగితే సెన్సార్ మీద ఒక్కో చోట పడే వెలుతురు తగ్గుతుంది) 1.4 తగిలించి చాలాకాలంగా వాడుతున్నా. ఆ మాట సగమే నిజం, మిగతా సగం తెలిసినకొద్దీ దీని మీద ఇష్టం పెరిగింది.

వడ్డేపల్లి చెరువు పక్కన తీగ మీద పాలపిట్ట ఉందనుకోండి. పొద్దుటి లేత ఎండలో ఉత్త లెన్స్‌తో ఎఫ్4, షట్టర్ 1/2000 సెకను, ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురుని పెంచి చూపే మోతాదు) 400 సరిపోతుంది. 1.4 పెట్టగానే 420 ఎఫ్5.6 అవుతుంది, అదే షట్టర్‌కి ఐఎస్‌ఓ 800 కావాలి. వెలుతురు ఇలా సగానికి పడిపోవడాన్నే ఒక స్టాప్ పోవడం అంటారు. కానీ 300ని 4తో భాగించినా, 420ని 5.6తో భాగించినా వచ్చే లెన్స్ రంధ్రం వెడల్పు 75 మిల్లీమీటర్లే. పిట్ట నుంచి వెలుతురు వచ్చే దారి మారలేదు. ఆ వెలుతురే సెన్సార్ మీద రెట్టింపు వైశాల్యంలో పరుచుకుంటుంది, కాబట్టి ఒక్కో చోట సగమే పడుతుంది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ చూసేది ఆ ఒక్కో చోటునే. అందుకే 400లో తీసి క్రాప్ చేసిన పిట్టనీ, 800లో కన్వర్టర్‌తో తీసిన పిట్టనీ ఒకే సైజులో పక్కపక్కన పెడితే నాయిస్ (ఫోటోలో కనిపించే గరుకు చుక్కలు) దాదాపు సమానం. గొంతు మీది సన్నటి తెల్ల గీతలకి మాత్రం రెండోదాంట్లో రెట్టింపు పిక్సెళ్ళు దొరుకుతాయి.

సెన్సార్ సంగతీ ఇంతే. ఎఫ్4, 1/2000, ఐఎస్‌ఓ 400 అంటే పెద్ద సెన్సారుండే ఫుల్ ఫ్రేమ్‌లోనూ చిన్న సెన్సారుండే క్రాప్ బాడీలోనూ అదే ఎక్స్‌పోజర్. క్రాప్ సెన్సార్ చుట్టుపక్కలని కోసేస్తుంది, అంతే. ఫుల్ ఫ్రేమ్‌కి మారి "పిట్ట చిన్నగా వస్తోంది" అని 1.4 పెడితే, నాయిస్‌లోనూ బ్యాక్‌గ్రౌండ్ మసకలోనూ దాదాపు పాత క్రాప్ బాడీ దగ్గరికే వచ్చి ఆగుతారు. దూరపు పిట్టల కోసమే పెద్ద సెన్సార్ కొనేవాళ్ళకి ఈ ముక్క ముందే చెప్పాలి.

అసలు దెబ్బ ఆటో ఐఎస్‌ఓ (ఐఎస్‌ఓని కెమెరాయే ఎంచుకోవడం) దగ్గర పడుతుంది. మాన్యువల్ మోడ్‌లో 1/2000 పెట్టి, ఐఎస్‌ఓ గరిష్ఠం 1600కి కట్టేసి ఉంచితే, సాయంత్రం భద్రకాళి చెరువు మీద ఉత్త లెన్స్‌కి అది సరిగ్గా సరిపోయే వేళ ఉంటుంది. అప్పుడు 1.4 తగిలిస్తే 3200 కావాలి. కెమెరా 1600 దాటదు, ఒక స్టాప్ చీకటిగా తీసిపెడుతుంది. వ్యూఫైండర్‌లో మీటర్ గీత మైనస్‌లోకి జారుతుంది గానీ, ఎగిరే కొంగ వెంట పడుతుంటే అటు చూపు పోదు. ఇంటికొచ్చి కంప్యూటర్లో నీడలని వెలిగిస్తే నాయిస్ బయటపడుతుంది, నింద కన్వర్టర్ మీద పడుతుంది. కన్వర్టర్ పెట్టేటప్పుడే గరిష్ఠాన్ని పెంచండి: 1.4కి 3200, 2కి 6400. కెమెరాతో మాట్లాడని చౌక కన్వర్టర్లయితే తెర మీద ఎఫ్4 అనే చూపిస్తాయి. లోపలి మీటర్‌కి ఇబ్బంది లేదు, చేతి మీటర్‌కీ మాన్యువల్ ఫ్లాష్‌కీ ఆ స్టాప్ మనమే కలపాలి.

ఇంత మెచ్చుకున్నా కొన్ని షరతులున్నాయి. బాగా షార్ప్‌గా రావాలంటే ఎఫ్7.1 దాకా మూయాలి, అంటే ఇంకో మూడింట రెండు వంతుల స్టాప్ పోతుంది. ఫోకస్ కాస్త నెమ్మదిస్తుంది. చాలా డీఎస్ఎల్ఆర్ల (లోపల అద్దమున్న కెమెరాలు) ఫోకస్ పాయింట్లు ఎఫ్5.6 వరకే నమ్మకంగా పనిచేస్తాయి. 2 పెడితే ఎఫ్8, కొన్ని బాడీల్లో మధ్య పాయింట్లే మిగులుతాయి. ఎఫ్6.3 జూమ్‌కి 1.4 పెడితే దాదాపు ఎఫ్9, అద్దమున్న బాడీల్లో లెన్స్ ఫోకస్ దొరక్క ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది. మిర్రర్‌లెస్‌లో ఈ బాధ చాలావరకు లేదు. ఎండ ముదిరాక నీటి మీద గాలి ఊగడం మొదలైతే మాత్రం ఏ బాడీ అయినా ఒకటే, కన్వర్టర్ ఆ ఊగుడునీ పెద్దది చేస్తుంది.

నేను తీసేది ఎక్కువగా ఊరి చెరువుల దగ్గర, బయలు వెలుతురులో, చేత్తోనే. అందుకని 1.4 నాకు కుదిరింది. పాకాలలో చెట్ల నీడన తీసేవాళ్ళు ముందు ఎవరిదైనా అడిగి పెట్టి చూడండి. 3200 దగ్గర కూడా షట్టర్ 1/500 కిందికి దిగుతుంటే కన్వర్టర్ తీసేసి, ఉత్త లెన్స్‌తో తీసి క్రాప్ చేసుకోవడమే మేలు.