గంటల మీటరు: రెండు సీజన్లు, మూడు పిస్టన్ల తర్వాత

ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో చూపించే గంటల మీటరు మా ఇంటికి కొత్త కాదు. సిద్దిపేట దగ్గర ఊళ్లో మా నాన్న ట్రాక్టర్‌కి ఉండేది. 250 గంటలకోసారి ఆయిల్ మార్చాలని, మార్చిన ప్రతిసారీ ఆయన కొట్టం గోడ మీద బొగ్గుతో అంకె రాసేవాడు. అందుకే మా పాపకి మోటోక్రాస్ (మట్టి ట్రాక్ మీద బైకు రేసులు) పిచ్చి పట్టి 85 సీసీ టూ-స్ట్రోక్ బండి ఇంటికొచ్చాక, స్పీడోమీటరైనా లేని దాని హ్యాండిల్ చూసి నేను మొదట కొన్నది ఈ మీటరే. ప్లగ్ వైరుకి దీని తీగ నాలుగు చుట్లు చుట్టి, రెండో తీగ ఛాసిస్‌కి బిగిస్తే పని అయిపోయింది. రెండు లీటర్ల మంచి ఆయిల్ ఖరీదు కూడా కాలేదు.

తొలి ఆరు నెలలు దీన్ని నెత్తిన పెట్టుకున్నాను. 2024లో పూణే, అహ్మదాబాద్, బెంగళూరుల్లో సూపర్‌క్రాస్ లీగ్ జరిగి, అందులో 85 సీసీ పిల్లల క్లాస్ కూడా ఉందని తెలిసినప్పటినుంచి పాప ఆగడం లేదు. శని, ఆదివారాలు కలిపి పావుగంట మోటోలు, అంటే ట్రాక్ మీద పరుగులు, ఆరు. అంటే వారానికి గంటన్నర. మా మెకానిక్ లెక్కలో పిస్టన్ ఆయుష్షు 15 గంటలు. పది వారాలన్నమాట. ట్రాక్ దగ్గర మిగతా తండ్రులు "దసరా ముందు మార్చినట్టున్నాం" అంటుంటే నేను "12.6 గంటలు" అని చెప్పేవాణ్ణి. కాస్త గర్వంగానే చెప్పేవాణ్ణి, ఒప్పుకుంటాను.

అప్పట్లో మెచ్చుకున్న ఒక మాటని ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. "గంటంటే గంటే, తేడా రాదు" అని నలుగురికి చెప్పాను. నిజమే, కానీ చిక్కంతా అక్కడే ఉంది. నాన్న పాత ట్రాక్టర్ మీటరు ఇంజన్‌తో పాటే తిరిగేది. ఇంజన్ మెల్లగా నడిస్తే అదీ మెల్లగానే కదిలేది. ఇది అలా కాదు. ప్లగ్‌లో నిప్పు పడుతున్నంతసేపూ లెక్కపెడుతుంది. చెట్టుకింద వేడెక్కడానికి పెట్టిన పది నిమిషాలూ, ఫుల్ రేస్‌లో ఇసుక చీల్చుకుంటూ పోయిన పది నిమిషాలూ దానికి ఒకటే. పిస్టన్‌కి మాత్రం ఒకటి కాదు. మేడ్చల్ అవతల మేము తిప్పే ట్రాక్‌ది చెల్క నేల. ఎండాకాలం ఆ ఎర్ర దుమ్ము ఫిల్టర్ దాటి రవ్వంత లోపలికి పోయినా రింగులు అరుగుతాయి. ఆ సంగతి మీటరుకి తెలియదు.

ఇక అసలు కథ. సీజన్ మొదటి రౌండుకి ఐదు వారాలుందనగా ఒక శనివారం పాప బండి స్టార్ట్ చేస్తూ, "నాన్నా, కిక్ మెత్తగా దిగుతోంది" అంది. రింగులు అరిగాయనడానికి అది గుర్తు. నేను మాత్రం మీటరు చూశాను. 9.1. "తొమ్మిది గంటలే అయ్యింది, ఇంకా ఆరు గంటలుంది. రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చున్నావా?" అన్నాను. మరుసటి వారం మూల తిరిగాక బండి లాగడం లేదంది. పదో తరగతి టెన్షన్, నిద్ర చాల్లేదు, చేతులు బిగుసుకుపోతున్నాయి... కారణాలన్నీ పిల్లలో వెతికాను. మీటరులో వెతకలేదు.

ఆ తర్వాతి ఆదివారం రెండో మోటోలో టేబుల్‌టాప్ (పైన చదునుగా ఉండే మట్టి దిబ్బ) మీంచి దిగగానే శబ్దం ఆగిపోయింది. ఇంజన్ పట్టేసి వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ మీద వేలు ఎప్పుడూ ఉంచాలని నేర్పిన కోచ్ పుణ్యమా అని పాప వెంటనే లివర్ లాగగలిగింది. అయినా బండి పక్కకి పడింది. మోకాలు గీసుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. హెల్మెట్ తీసి నా వైపు చూసిందే తప్ప ఒక్క మాటా అనలేదు. ఆ చూపు ఇంకా గుర్తుంది.

సిలిండర్ విప్పితే పిస్టన్ కింది అంచు విరిగి, ముక్క అడుగున కూర్చుంది. సిలిండర్ లోపలి గోడకి అల్యూమినియం వెండిరేకులా అంటుకుంది. మెకానిక్ రింగు చేతిలోకి తీసుకుని, "అన్నా, ఇది తొమ్మిది గంటల రింగు కాదే" అన్నాడు. అప్పుడు పాప తన నోట్‌బుక్ తెచ్చింది. ప్రతి మోటో ఎన్ని నిమిషాలు, ఎన్ని ల్యాప్‌లు అన్నీ అందులో రాసుకుంటుంది. కూడితే 20 గంటలు దాటింది.

మీటరు తీగ ట్యాంక్ కింద ఫ్రేమ్‌కి రాసుకుని రాసుకుని లోపల తెగింది. పైన తొడుగు బాగానే ఉంది. బండి ఊగినప్పుడు తీగ కొనలు తగిలితే లెక్కపెట్టేది, లేకపోతే లేదు. ఇంజన్ ఆగినా పాత అంకె చూపిస్తూనే ఉండే రకం కాబట్టి వారాల తరబడి నన్ను చూసి నవ్వుతూనే ఉంది. చచ్చిపోయి ఉంటే తెలిసేది. సగం బతికి ఉండటమే కొంప ముంచింది. నడుస్తున్నప్పుడు అంకె పక్కన చిన్న గుర్తు ఆడుతుందట. ఆ దుమ్ములో, ఆ ఎండలో దాన్ని ఎవరు చూస్తారు?

సిలిండర్ బాగై వచ్చేసరికి మొదటి రౌండు అయిపోయింది.

మరి పారేశానా అంటే, లేదు. మళ్లీ అదే రకం కొన్నాను. ఈసారి తీగని ఫ్రేమ్‌కి తగలకుండా రబ్బరు గొట్టంలో దూర్చి, మూడుచోట్ల ట్యాగులు కట్టాను. నా సంగతి వేరు: ఉన్నది ఒకే బండి, స్పేర్ ఇంజన్ లేదు, మెకానిక్ వారానికొకసారే దొరుకుతాడు. అలాంటివాళ్లకి ఇది అవసరమే అంటాను. ఇంట్లోనే పనిచేసే చేయి ఉన్నవాళ్లకీ, నెలకి రెండుసార్లు సరదాగా తిప్పేవాళ్లకీ ఒక నోట్‌బుక్ చాలేమో. నాలుగు స్ట్రోకుల బండికి ఎలా ఉంటుందో తెలియదు, నేను వాడలేదు.

ఇప్పుడు శనివారం ఉదయం ముందు పాప కిక్ లివర్‌ని చేత్తో నొక్కి చూస్తుంది, తర్వాత నోట్‌బుక్ తెరుస్తుంది, చివర్లో మీటరు. నిన్నటికి నోట్‌బుక్‌లో 11.2, మీటరులో 11.9. ఆ తేడా చెట్టుకింద వేడెక్కిన నిమిషాలు. కొత్త పిస్టన్ మాత్రం డబ్బాలో సిద్ధంగా ఉంది, వచ్చే వారమే మార్చేస్తాం. పాప మార్చమంది.