చుక్క పోకుండా అచ్చువేశారు

కడపలో ఏడు రోడ్ల కూడలి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక సందులో ఉన్న చిన్న డీటీపీ, ముద్రణ కేంద్రం గురించి రాస్తున్నాను. పెళ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు వాళ్ల రోజువారీ పని. నేను తీసుకెళ్లింది మాత్రం నైజీరియాలో మాట్లాడే కలబరి భాషను మన పిల్లలకు పరిచయం చేసే 44 పేజీల పుస్తకం.

మా నాన్న మాధవరంలో మగ్గం నేసేవారు. చీరాల గళ్ల రుమాళ్లు ఓడెక్కి ఆఫ్రికాకు పోయేవని ఆయన చెబుతుండేవారు. నైజీరియాలో, నైజర్ డెల్టా తూర్పు వైపు బుగుమా, అబొన్నెమా, బకానా ఊళ్లలో ఉండే కలబరి వాళ్లు అలాంటి మద్రాసు గుడ్డలో కొన్ని పోగులను బ్లేడుతో కోసి, లాగేసి కొత్త అల్లిక తెస్తారు. దాని పేరు 'పెలెటె బిటె'. బిటె అంటే గుడ్డ. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఆ భాషలోకి వెళ్లాను. వాళ్లూ మనలాగే క్రియను వాక్యం చివర పెడతారని తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఇబని, కిరికె అనే పక్క భాషలు కలబరికి ఎంత దగ్గరివంటే, అన్నిటినీ ఒకే భాష మాండలికాలుగా లెక్కించేవాళ్లూ ఉన్నారు.

కలబరిని రోమన్ అక్షరాల్లో రాస్తారు. కొన్ని అచ్చుల కింద చుక్క ఉంటుంది, స్వరం హెచ్చుతగ్గులు చూపడానికి పైన గీత ఉంటుంది. మొదట వెళ్లిన మరో చోట ఆ చుక్కలను మరకలనుకుని అన్నీ చెరిపేశారు. నా మూడు నెలల శ్రమ చూస్తుండగానే పోయింది.

ఇక్కడ కంప్యూటర్ ముందున్న అమ్మాయి ముందుగా అడిగిన మాట: "ఈ చుక్క తీసేస్తే ఏమవుతుంది సార్?"

"పులి అంటాం, చాలా ఉంటే పులులు అంటాం కదమ్మా. 'లి' ఎందుకు 'లు' అయింది? పక్క అచ్చు లాగింది. వాళ్ల భాషలోనూ అచ్చులు జట్టు కడతాయి. చుక్క ఉన్నవి ఒక జట్టు, లేనివి ఒక జట్టు. ఒక మాటలో సాధారణంగా రెండూ కలవవు" అన్నాను.

ఆమె ఖతులు (ఫాంట్లు) మార్చి మార్చి చూసింది. ఒకదానిలో పైగీత జారి పక్క అక్షరం మీద పడింది, మరొకదానిలో చుక్క స్థానంలో డబ్బా వచ్చింది. నాలుగో ఖతిలో రెండూ నిలిచాయి. మర్నాడు ప్రూఫ్ ఇస్తూ, "సార్, పదకొండో పేజీలో ఈ మాట చూడండి. మొదటి అచ్చుకు చుక్క ఉంది, రెండోదానికి లేదు. మీరు రాయడం మరిచారా?" అంది. నిజంగానే మరిచాను. ఒక్క రోజులో ఆ భాష నియమం పట్టుకుని నా తప్పు దిద్దిన మనిషికి ఎంత చెప్పినా తక్కువే.

లోపాలూ చెప్పాలి. కొన్ని ప్రతుల్లో అట్ట మూల దగ్గర లామినేషన్ ఉబ్బింది, అడిగితే మార్చి ఇచ్చారు. బండి నిలిపే చోటు లేదు. మధ్యాహ్నం రెండు గంటలు షట్టర్ వేసి ఉంటుంది.

200 ప్రతులకు ప్రతి ఒక్కటీ 38 రూపాయలు పడింది. అరుదైన లిపి గుర్తులతో పని ఉన్నవాళ్లు తమ ఖతిని పెన్‌డ్రైవ్‌లో వెంట తీసుకెళ్తే సగం సమయం మిగులుతుంది. వచ్చే వారం ఇబని, కిరికె మాటల పట్టికతో నేనూ అక్కడికే వెళ్తున్నాను.