ఏఎంలో ట్రాన్స్‌మిట్ ఆడియో ఫిల్టర్: 300–2700, 100–3000, 50–5000... ఏది మేలు?

ఎస్‌డీఆర్ రిగ్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో సెట్టు) కొన్న మన వైజాగ్ హ్యామ్స్ (సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్లు) తిప్పితిప్పి ఇదే అడుగుతున్నారు, ఏఎంలో (క్యారియర్ అనే రేడియో తరంగం బలాన్ని గొంతుకి తగ్గట్టు పెంచి తగ్గించే పద్ధతి) మన గొంతులో ఎన్ని హెర్ట్జ్ నుంచి ఎన్ని హెర్ట్జ్ దాకా గాల్లోకి పంపాలో తేల్చే ఫిల్టర్ ఎంత పెట్టమంటారు అని. అందరూ చెప్పేవి మూడే సెట్టింగులు కాబట్టి ఆ మూడే చూద్దాం.

300–2700 అంటే ఎస్‌ఎస్‌బీకి (ఒక్క సైడ్‌బ్యాండే పంపే ఇరుకు పద్ధతి) పెట్టిందే ఏఎంకీ ఉంచేయడం. సిగ్నల్ నాయిస్‌లో మునిగిపోతుంటే పనికొస్తుంది. కానీ గొంతు నిండుగా వినబడాలనే కదా ఏఎంకి వస్తాం, టెలిఫోన్లా వినబడితే ఇక ఏఎం ఎందుకు.

అసలు పోటీ మిగతా రెండింటికే. చాలామంది పై కట్ గురించే వాదించుకుంటారు, 3000 చాలా, 5000 కావాలా అని. ఏఎంలో క్యారియర్‌కి అటూ ఇటూ గొంతుని మోసే రెండు సైడ్‌బ్యాండ్లూ వెళ్తాయి, 5000 పెడితే గాల్లో 10 కిలోహెర్ట్జ్ ఆక్రమించినట్టే, మనకి 40 మీటర్ల బ్యాండ్‌లో ఉన్నదే 7000 నుంచి 7200 కిలోహెర్ట్జ్ దాకా, అందులో ఇరవయ్యో వంతు ఒక్కళ్లమే తీసేసుకుంటాం. పైగా అవతలాయన 6 కిలోహెర్ట్జ్ ఫిల్టర్ (ఒక్కో పక్కకి 3) పెట్టుకుని వింటుంటే మనం 3000 పైన పంపిందేదీ ఆయన చెవికి చేరదు. ఐకామ్ 7300 రిగ్‌లో ఏఎం ఫిల్టర్లు మామూలుగా 9, 6, 3 కిలోహెర్ట్జ్ ఉంటాయి, 9 పెట్టినా 4500 దాకానే. ఆయన 6 నుంచి 10కి తెరిచాడనుకోండి, నాయిస్ కూడా 2 డీబీ పైనే పెరుగుద్ది.

అయితే నా లెక్కలో తేల్చేది పై కట్ కాదు, కింద కట్. మగ గొంతు అడుగు స్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, మాటలో బలమంతా కింది వైపే ఉంటుంది, మాట అర్థమయ్యేలా చేసే హల్లులేమో ఎక్కువగా 1000 పైన. ఏఎంలో మాడ్యులేషన్ కిందికి 100 శాతం దాటితే క్యారియర్ తెగి స్ప్లాటర్ (పక్క ఫ్రీక్వెన్సీల మీద పడే చెత్త) వస్తుంది, అందుకని బాస్ పీకులు (గొంతులో కింది శబ్దాల శిఖరాలు) దాటకుండా గెయిన్ తగ్గించుకుంటాం, దాంతో హల్లులు బక్కచిక్కిపోతాయి. 25 వాట్ల క్యారియర్‌కి నిండు మాడ్యులేషన్‌లో పీకు 100 వాట్లు, 100 వాట్ల రిగ్‌లో అంతకుమించి చోటు లేదు. ఆ కాస్త చోటూ ఫ్యాను రొదకి ఇవ్వడం నాకు అస్సలు ఇష్టం లేదు. మే నెలలో మన ఊరి ఉక్కపోతకి ఫ్యాను ఆపి మైకు పట్టుకునేవాళ్లెవరు? 50 దాకా తెరిస్తే ఆ రొద, 50 హెర్ట్జ్ కరెంటు హమ్ము, దాని రెట్టింపు 100, అన్నీ గాల్లోకి పోతాయి.

అందుకే నా ఓటు 100–3000కే, అదీ కింద 120కి లేపి. మైకు నోటికి బాగా దగ్గర పెట్టుకునే అలవాటుంటే 150 చేయండి. ఆడవాళ్ల గొంతుకి 150 పెట్టినా పోయేదేం లేదు, అది మొదలయ్యేదే సుమారు 165 దగ్గర.

గాజువాక నుంచి మధురవాడకి లోకల్‌గా, బ్యాండ్ ఖాళీగా ఉండి, అవతలాయన ఫిల్టర్ తెరిచి వింటానంటే పైన 4000 దాకా వెళ్లండి, బాగుంటుంది. 5000 దాకా నేను వెళ్లను.

ఒకటి మాత్రం చూసుకోండి, మీ సాఫ్ట్‌వేర్లో కింద కట్ (low cut) ఏఎంకి నిజంగా పడుతుందో లేదో డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు తగిలించే లోడు) పెట్టి, ఇంకో రిసీవర్లో వినండి. పడకపోతే ఈక్వలైజర్లో కింద బ్యాండ్లు తగ్గించుకోండి, పని అయిపోద్ది.