గని తవ్విన నేలను బాగుచేసే డబ్బు: బాండా, టన్నుకింత రుసుమా, ఖజానానా?

అమెరికాలో బొగ్గు తవ్విన నేలను తిరిగి బాగుచేసే బాధ్యతను 1977 చట్టం కంపెనీల మీద పెట్టింది. దాన్ని అమలు చేసేది చాలాచోట్ల రాష్ట్ర ప్రభుత్వాలే. మరి కంపెనీ మధ్యలో చేతులెత్తేస్తే ఖర్చు ఎవరు పెట్టాలి? ఒక్కో రాష్ట్రం ఒక్కో దారి పట్టింది.

నా ఓటు పూర్తి ఖర్చుకు సరిపడే బాండ్‌కే. రేపు కంపెనీ లేకపోయినా ప్రభుత్వమే ఆ పని చేయించుకునేంత మొత్తానికి పర్మిట్ ఇచ్చేముందే హామీ తీసుకుంటారు. గుంతలు పూడ్చి నేల చదును చేశాక అందులో 60 శాతం దాకా వదులుతారు. మిగతాది పచ్చదనం నిలదొక్కుకున్నాకే. చివరిసారి విత్తనాలు వేసినప్పటినుంచి 5 ఏళ్లు, వానలు తక్కువ పడే చోట 10 ఏళ్లు ఆగాలి. కంపెనీ డబ్బు అంతకాలం ఇరుక్కుని ఉంటుంది కాబట్టే పని సరిగ్గా చేస్తుంది.

అయితే బాండ్ అన్న పేరుంటే చాలదు. కొన్ని రాష్ట్రాలు పెద్ద కంపెనీలకు సెల్ఫ్ బాండ్ అనుమతించాయి. బయటి హామీ ఏమీ ఉండదు, కంపెనీ ఆర్థికంగా బలంగా ఉందన్న నమ్మకమే హామీ. 2015లో ఆల్ఫా నేచురల్ రిసోర్సెస్ అనే బొగ్గు కంపెనీ దివాలా పిటిషన్ వేసేనాటికి వ్యోమింగ్‌లో దాని సెల్ఫ్ బాండ్లు సుమారు 41 కోట్ల డాలర్లు. దివాలా కేసులో కుదిరిన ఒప్పందంలో, మిగతా అప్పులవాళ్లకంటే ముందు రాబట్టుకునే హక్కు రాష్ట్రానికి దక్కింది 6.1 కోట్లకే. మరుసటి ఏడాది ఆర్చ్, పీబాడీ అనే బొగ్గు కంపెనీలు కూడా దివాలా కోర్టుకెక్కాయి. సరిగ్గా అవసరం పడిన రోజునే చెల్లని హామీ ఇది. దీన్ని ఏ రాష్ట్రమూ ఒప్పుకోకూడదు.

వెస్ట్ వర్జీనియా పద్ధతి వేరు. ఎకరాకు కొంత బాండ్, దానికి తోడు టన్నుకు 27.9 సెంట్లు వసూలు చేసి ఒక ఉమ్మడి నిధి. పూర్తి బాండ్ దొరకని చిన్న కంపెనీలకు ఇది ఊరటే, కాదనను. కానీ బొగ్గు గిరాకీ పడిపోయినప్పుడు మూతపడే గనులు పెరుగుతాయి, నిధిలోకి వచ్చే డబ్బు తగ్గుతుంది. రెండూ ఒకేసారి జరుగుతాయి. పెన్సిల్వేనియా ఇలాంటి పద్ధతిని వదిలేసి 2001లో పూర్తి బాండ్‌కు మారింది. గనుల్లోంచి ఊరే ఆమ్లపు నీటిని ఏళ్ల తరబడి శుద్ధి చేయాల్సి వచ్చే చోట మాత్రం మామూలు బాండ్ చాలదు. అక్కడ వడ్డీతో నడిచే ట్రస్టు నిధి మేలు, పెన్సిల్వేనియా అదీ వాడుతోంది.

1977కు ముందే తవ్వి వదిలేసిన నేలల మాటేమిటి? వాటిలో చాలావాటికి ఇప్పుడు పట్టుకోవడానికి యజమానే లేడు. అందుకే తవ్వే ప్రతి టన్నుపైనా కేంద్రం రుసుము పెట్టింది. ఉపరితల గనులకు మొదట్లో 35 సెంట్లు, ఇప్పుడు 22.4. ఇది చాలకే 2021 మౌలిక వసతుల చట్టంలో సుమారు 1,130 కోట్ల డాలర్లు కేటాయించారు. ఇక్కడ ఖజానా సొమ్ము పెట్టడం న్యాయమే.

నేల కింద ఏముందో మ్యాపులు వేసే రాష్ట్ర భూగర్భ సర్వేకీ డబ్బు కావాలి, కానీ దాని సంగతి పూర్తిగా వేరు. దాని ఫలం ఒక్క కంపెనీకే అందేది కాదు. రోడ్లు వేసేవాళ్లు, బావులు తవ్వేవాళ్లు, ఇల్లు కొనేవాళ్లు అందరూ ఆ మ్యాపులే చూస్తారు. కెంటకీ రాష్ట్రం మొత్తాన్ని 1960–78 మధ్య 707 షీట్లుగా మ్యాపింగ్ చేశారు. ఆ ఖర్చుకు కనీసం 25 రెట్ల విలువ వచ్చిందని 2000లో ఇల్లినాయ్ భూగర్భ సర్వే ఆర్థికవేత్తలు లెక్కకట్టారు. ఇలాంటి పనిని బొగ్గు, చమురు ధరలతో ఎగిరిపడే పన్నుకు కట్టేస్తే, ధరలు పడిన ఏడాది సర్వే ఆగిపోతుంది. అనుభవం ఉన్న మనుషులు వెళ్లిపోతే మళ్లీ దొరకరు. కాబట్టి సర్వేకి సాధారణ బడ్జెట్టే మేలు. పైగా మ్యాపింగ్‌కు రాష్ట్రం ఎంత పెడితే కేంద్రం స్టేట్‌మ్యాప్ పథకం కింద అంతే కలుపుతుంది. రాష్ట్రం ఆ పద్దులో ఒక డాలర్ కోస్తే రెండు డాలర్ల పని పోయినట్టే.